గురువు కోసం అహోబిలం దాకా: అన్నమయ్య చదువు కథ

ఫ్రెండ్స్, ఈ వ్యాసం నిజానికి కె.సి. కెనాల్ గట్టు మీద మొదలైంది.

పోయిన దసరా సెలవుల్లో నాకు చేపలు పట్టే పిచ్చి పట్టింది. అంతా యూట్యూబ్ పుణ్యం. ఫ్లై ఫిషింగ్ అని ఒకటుంది, చూసే ఉంటారు. ఎర్రలు గుచ్చడం ఉండదు. ఈకలు, దారం కలిపి ఈగలాగా కట్టిన దొంగ ఎరను, బరువైన దారంతో గాల్లో ముందుకీ వెనక్కీ ఊపి, నీళ్ళ మీద ఆకు రాలినట్టు వాలుస్తారు. అది నేర్పేవాళ్ళు నంద్యాలలో ఎవరుంటారు? సరే, మామూలు గాలంతోనే మొదలుపెడదామనుకున్నా.

నేర్పుతామని ఇద్దరు దొరికారు. ఒకాయన మాకు తెలిసిన అన్న. ఫోన్ నిండా పెద్దపెద్ద చేపలతో దిగిన ఫోటోలు. గట్టుకు వచ్చాక రెండు గంటలు ఆయన గాలం ఆయనే వేసుకున్నాడు, నేను ఫోటోలు తీసిపెట్టాను. రెండో ఆయన మా వీధి చివర ఉండే పెద్దాయన. గాలం చేతికివ్వకుండా మూడు రోజులు నీళ్ళను చూడమన్నాడు. ఎక్కడ సుడి తిరుగుతోంది, ఎక్కడ నిలకడగా ఉంది, బెండు ఊగింది గాలికా చేపకా, ఇవే ప్రశ్నలు. నాలుగో రోజు కర్ర నా చేతికిచ్చి తను వేపచెట్టు కింద కూర్చున్నాడు. సాయంత్రానికి ఒక జిలేబి చేప పడింది. అరచెయ్యంత కూడా లేదు. కానీ పట్టింది నేను.

ఆ రాత్రి ఒక ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. ఏమీ తెలియనివాడికి మంచి గురువు ఎవరో ఎలా తెలుస్తుంది? అది తెలిసేంత తెలివి ఉంటే గురువెందుకు? ఇది గాలంతో పోయే సంగతి కూడా కాదు. ఈ సెమిస్టర్‌లో ప్రాజెక్టు గైడ్‌గా ఎవరు కావాలో మూడు పేర్లు రాసిమ్మని మనందరికీ ఫామ్ ఇచ్చారు కదా. అందరం ఏం చేశాం? మార్కులు బాగా వేస్తారని పేరున్నవాళ్ళ చుట్టూ తిరిగాం.

అప్పుడు గుర్తొచ్చాడు అన్నమయ్య. తిరుమల అన్నమయ్యగా ఆయన అందరికీ తెలుసు. మన ఆళ్ళగడ్డ దాటి అడవిలోకి పోతే వచ్చే అహోబిలంలో ఆయన విద్యార్థిగా కూర్చున్నాడన్న సంగతి మాత్రం ఈ పక్క పుట్టి పెరిగిన మనలోనే చాలామందికి తెలియదు. ఆయన జీవితంలో మనకు తెలిసిన సంగతులు చాలావరకు మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము నుంచి వచ్చినవే. దాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. అందులో చరిత్ర ఉంది, మహిమలూ ఉన్నాయి. రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే చెబుతాను. నేను చూసేది మాత్రం ఒక్కటే: ఆయన ఎవరి దగ్గర, ఏం నేర్చుకున్నాడు?

తాతను కొట్టిన బడి

ఈ కథ అన్నమయ్య పుట్టకముందే, ఒక చెడ్డ బడితో మొదలవుతుంది.

రాజంపేట దగ్గర తాళ్ళపాక వాళ్ళ ఊరు. వాళ్ళు నందవరీక బ్రాహ్మణులు. ఆ శాఖకు పేరిచ్చిన నందవరం ఎక్కడో లేదు, మన బనగానపల్లె పక్కనే, చౌడేశ్వరమ్మ గుడి ఉన్న ఊరు. అన్నమయ్య తాత పేరు నారాయణయ్య. చిన్నప్పుడు ఆయనకు చదువు అబ్బలేదు. ఇంట్లోవాళ్ళు పక్కనున్న ఊటుకూరులో చుట్టాల దగ్గర ఉంచి చదివించబోయారు. అక్కడి అయ్యవార్లు తిట్టారు, కొట్టారు, ఆ కాలపు శిక్షలన్నీ వేశారు. అయినా ఒక్క ముక్క ఎక్కలేదు. చివరికి ఆ పిల్లవాడు అవమానం భరించలేక, ఊళ్ళో చింతలమ్మ గుడి దగ్గర పాము ఉండే పుట్టలో చెయ్యి పెట్టాడు. చచ్చిపోదామని.

పాము కరవలేదు. చింతలమ్మ ప్రత్యక్షమై ఊరడించిందని, తాళ్ళపాక చెన్నకేశవుడి దయతో చదువు వస్తుందని, మూడో తరంలో గొప్ప భక్తుడు పుడతాడని చెప్పిందని చిన్నన్న రాశాడు. మహిమను పక్కన పెట్టి చూసినా ఒకటి తెలుస్తుంది. తాళ్ళపాక ఇంట్లో తరతరాలు చెప్పుకున్న కథ ఇది. చదువు రాకపోవడం పిల్లవాడి తప్పే అనుకున్న గురువులు అతన్ని పాముపుట్ట దాకా తరిమారు. అతన్ని నిలబెట్టింది కొట్టిన చెయ్యి కాదు, ధైర్యం చెప్పిన మాట. పరీక్ష పోతే గదిలో తలుపేసుకునే మన తరానికి ఇది పాత కథ అనిపించదు.

ఆ నారాయణయ్య తర్వాత పండితుడయ్యాడు. ఆయన కొడుకు నారాయణసూరి. నారాయణసూరికి, లక్కమాంబకు 1408లో పుట్టినవాడు అన్నమయ్య.

కొడవలి, చెప్పులు

అన్నమయ్యకు చిన్నప్పటి నుంచీ పాటే. పని మీద ధ్యాస తక్కువ. ఉమ్మడి కుటుంబం కదా, వదినలూ మిగతావాళ్ళూ ఊరుకుంటారా? ఊరికే పాడుకుంటూ తిరిగితే ఎట్లా అని పశువులకు గడ్డి కోసుకురమ్మని అడవికి పంపారు. గడ్డి కోస్తుంటే కొడవలి వేలికి తగిలి రక్తం కారింది. అదే సమయంలో ఆ దారిన కొండకు పోతున్న భక్తుల గుంపు పాడుకుంటూ కనబడింది. కొడవలి అక్కడే వదిలేసి వాళ్ళ వెంట నడిచాడు. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు.

తిరుమలలో దొరికిన రాగిరేకు మీద ఒక సంగతి స్పష్టంగా ఉంది. క్రోధి సంవత్సరంలో, అంటే 1424లో, పదహారో ఏట ఆయనకు స్వామి సాక్షాత్కారమైందని, అప్పటి నుంచి సంకీర్తనలు చెప్పాడని. పదహారు అంటే మన ఇంటర్ ఫస్టియర్ వయసు.

కొండ ఎక్కేటప్పుడు జరిగినట్టు చెప్పే ఒక ఘట్టం నాకు చాలా ఇష్టం. పిల్లవాడు ఎవరినీ అడగకుండా చెప్పులతోనే ఎక్కడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలి, అలసట. కళ్ళు తిరిగి ఒక వెదురు పొద దగ్గర పడిపోయాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువులా వచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఈ కొండంతా సాలగ్రామమయం నాయనా, చెప్పులతో ఎక్కుతున్నావు, అందుకే దారి కనబడటం లేదు, అవి తీసెయ్యమని చెప్పి, ప్రసాదం పెట్టింది. తీసేశాడు. దారి కనబడింది. ఆ సంతోషంలో అమ్మవారి మీద శతకం చెప్పాడు.

భక్తులకు ఇది మహిమ. నాకు మాత్రం ఇందులో గురువు పాఠం కూడా కనబడుతుంది. పడిపోయినవాడికి ఆమె కొండ చరిత్ర మొత్తం ఏకరువు పెట్టలేదు. ముందు తిండి పెట్టింది. తర్వాత అడ్డుపడుతున్న ఒక్క తప్పును మాత్రం చూపించింది. మిగతా దూరం వాడినే నడవనిచ్చింది. గట్టు మీద మా పెద్దాయన చేసింది కూడా దాదాపు ఇదే.

కొండ మీద ఘనవిష్ణువు అనే వైష్ణవ యతి ఆయనకు శంఖచక్ర ముద్రలు వేసి, వైష్ణవ దీక్ష ఇచ్చాడు. అలా మొదటి గురువు దొరికాడు. ఇంకొకడైతే ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటాడు. దీక్ష ఉంది, గొంతు ఉంది, పాట ఉంది, ఎదురుగా దేవుడున్నాడు. ఇంకేం కావాలి?

అన్నీ ఉన్నవాడికి ఏం తక్కువైంది?

కొన్నాళ్ళకు ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అన్నమయ్య తాళ్ళపాకకు తిరిగివెళ్ళాడు. తిరుమలమ్మ, అక్కలమ్మ అనే ఇద్దరితో పెళ్ళయింది. ఆ తిరుమలమ్మే తిమ్మక్క. సుభద్రా కల్యాణం రాసిన తిమ్మక్కను తెలుగులో తొలి కవయిత్రిగా చాలామంది చెబుతారు.

సంసారం ఉంది. పేరూ వస్తోంది. అలాంటప్పుడు ఆయన తాళ్ళపాక నుంచి బయలుదేరి నల్లమలలోని అహోబిలానికి వచ్చి, ఆదివన్ శఠగోప యతి దగ్గర శిష్యుడిగా చేరాడు. ఇప్పటి రోడ్డు లెక్కన కూడా అది నూట యాభై కిలోమీటర్లకు పైనే. ఇప్పుడు మనం నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగి, ఇంకో బస్సు పట్టుకుంటే పూట తిరగకుండా దిగువ అహోబిలం చేరతాం. అప్పట్లో అది పులులు తిరిగే అడవి. వందల ఏళ్ళ ముందే తిరుమంగై ఆళ్వారు ఈ చోటికి చేరడం దేవతలకు తప్ప మామూలు మనుషులకు అయ్యేపని కాదన్నట్టుగా తమిళంలో పాడాడు. నవ నారసింహుల గుళ్ళు, భవనాశిని వాగు, ఆకాశంలోకి నిలువునా లేచిన ఉగ్రస్తంభం, చెంచుల గూడేలు. ఇప్పటికీ ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా నడిస్తే మనలాంటి జిమ్ బాబులకు కూడా ఆయాసం వస్తుంది.

ఎందుకొచ్చాడు? చిన్నన్న కారణాల చిట్టా రాయలేదు. శఠగోప యతి దగ్గర వేదాంతమంతా చదివాడని చెప్పాడంతే. ఆ చదివిన విషయాన్ని బట్టి ఏం తక్కువైందో ఊహించుకోవచ్చు. అన్నమయ్యకు పాట ఉంది, కానీ పాట కింద పునాది లేదు. భక్తి పొంగుతోంది. జీవుడెవరు, దేవుడెవరు, వాళ్ళ మధ్య సంబంధం ఏంటి, శరణాగతి అంటే ఏంటి, కులం గోత్రం చూడకుండా దేవుడు అందరివాడు ఎట్లా అవుతాడు, ఈ ప్రశ్నలకు పొంగు ఒక్కటే సరిపోదు. కోడ్ రన్ అవుతోంది కానీ ఎందుకు అవుతోందో తెలియని స్థితి మనందరికీ తెలుసు. చాలామందిమి అక్కడే ఆగిపోతాం, రన్ అవుతోంది కదా అని. ఆయన ఆగలేదు.

గురువును ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఎవరు గొప్ప అన్నది కాదని నాకు ఇక్కడే అర్థమైంది. నాకేం రాదు అన్నది మొదటి ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పుకున్నవాడికి సగం గురువు దొరికినట్టే.

ఎవరీ శఠగోప యతి?

ఇక ఆ గురువు సంగతి. ఆయన మన తెలుగు ప్రాంతంవాడు కాదు. కర్ణాటకలోని మేల్కోటలో పుట్టాడు. పూర్వాశ్రమంలో పేరు శ్రీనివాసాచార్యులు. కంచిలో పెద్ద పండితుల దగ్గర చదువుకున్నాడు. అహోబిల నరసింహస్వామి కలలో కనబడి రమ్మంటే వచ్చాడని, స్వామే యతి రూపంలో సన్యాసం ఇచ్చాడని మఠం సంప్రదాయం. అహోబిల మఠం 1398లో ఏర్పడిందని ఆ సంప్రదాయమే చెబుతుంది. ఆ మఠానికి మొదటి జియ్యరు ఈయనే. శఠగోపుడు అనేది నమ్మాళ్వారుకు ఉన్న పేరు. వేదాంతాన్ని సంస్కృతంలో ఎంత చదివాడో, పన్నెండుమంది ఆళ్వార్లు తమిళంలో పాడిన నాలుగు వేల పాశురాలనూ అంతే చదివిన సంప్రదాయం ఆయనది.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. ఇవి ఆయన గొప్పతనం గురించి కాదు, ఒక కొత్త విద్యార్థి కళ్ళతో చూస్తే కనబడేవి.

ఒకటి, ఆయన తను చెప్పేదాన్ని బతికి చూపిస్తున్నాడు. మాలోల నరసింహుడి ఉత్సవమూర్తిని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి చెప్పడం ఆ మఠం జియ్యర్ల పద్ధతి. ఒకచోట గద్దె వేసుకుని కూర్చుని, మీరే రండి అనే తరహా కాదు.

రెండు, ఆయన కూడా మొదట ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడే. కంచి నుంచి వచ్చిన ఆ క్రమం వెనక్కి పోతే రామానుజుల దాకా పోతుంది. నేర్చుకున్న అనుభవం ఉన్నవాడికి నేర్చుకోవడంలో ఎక్కడ తడబడతారో తెలుస్తుంది.

మూడు, ఆయనకు తెలిసింది అన్నమయ్యకు తెలియనిది. ఇద్దరిదీ ఒకే విద్య కాదు. ఈయన యతి, ఆయన సంసారి. ఈయన శాస్త్రం, ఆయన పాట. ఈయన సంస్కృతం, తమిళం. ఆయన తెలుగు. పాటగాడు తనకంటే పెద్ద పాటగాడి దగ్గరికి పోయి ఉంటే బహుశా ఆ పాటగాడి నీడ అయ్యేవాడు. తన దగ్గర లేని విద్య ఉన్నవాడి దగ్గరికి పోయాడు కాబట్టి తన పాట తనదిగానే మిగిలింది.

ఇంకోమాట. ఘనవిష్ణువు దీక్ష ఇచ్చాడు కాబట్టి వేదాంతం కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలని అన్నమయ్య పట్టుబట్టలేదు. ఒక గురువు ఒక మెట్టుకు. ఇందులో మొదటి గురువుకు అవమానమేమీ లేదు. చేపల మాటతో మొదలుపెట్టాను కాబట్టి దూరదేశపు సంగతి ఒకటి చెబుతా. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే ఆయన 1653లో గాలపు వేట మీద ద కంప్లీట్ ఆంగ్లర్ అనే పుస్తకం రాశాడు. ఒక గురువు శిష్యుడికి నేర్పుతున్నట్టు నడుస్తుంది. ప్రపంచమంతా చదివిన పుస్తకం. అంత పేరు వచ్చాక కూడా, ఫ్లై ఫిషింగ్ తనకంటే బాగా తెలిసినవాడు తన స్నేహితుడు చార్లెస్ కాటన్ అని ఒప్పుకుని, 1676లో అయిదో ముద్రణకు ఆ భాగాన్ని అతనితో రాయించాడు. కాటన్ ఆయనకంటే ముప్పై ఏడేళ్ళు చిన్న. ఇది నాకు రాదు, అతన్ని అడుగు అని చెప్పగలిగిన గురువు దొరికితే వదులుకోకూడదు. అలా చెప్పలేని గురువు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

ఏం తీసుకున్నాడు, ఏం వదిలాడు

అహోబిలం చదువు అన్నమయ్య పాటలో ఎలా కలిసిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆయనకు వచ్చిన బిరుదుల్లో ద్రవిడాగమ సార్వభౌముడు అన్నది ఒకటి. అంటే ఆళ్వార్ల తమిళ ప్రబంధం ఆయనకు అంతగా పట్టుబడింది. అహోబిల నరసింహుడి మీద ఎన్నో కీర్తనలు చెప్పాడు.

అయితే ఆయన తమిళంలో పాశురాలు రాయడానికి కూర్చోలేదు. సంస్కృతంలోనూ కొన్ని కీర్తనలు చెప్పాడు కానీ, ఎక్కువభాగం తెలుగే. అదీ గ్రంథాల తెలుగు కాదు. దంచేవాళ్ళ సువ్వి పాట, పిల్లల జోల, గొబ్బి పాట, పెళ్ళిపాట, చందమామ పాట, పొలం గట్ల మీద వినబడే పలుకుబడి. మన రాయలసీమ ఆడవాళ్ళ నోట్లో ఉన్న మాటల్లోకి రామానుజుల వేదాంతాన్ని దించాడు. పరుపు మీద పడుకున్న ఏలికకూ, కింద నేల మీద ఒరిగిన సేవకుడికీ పట్టే నిద్రలో తేడా లేదని, పరబ్రహ్మం అందరికీ ఒక్కటేనని ఆయన పాడిన పాట తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ఆ ఆలోచన వెనక శాస్త్రం ఉంది. కానీ వినేవాడికి శాస్త్రం బరువు తెలియదు, నిజం మాత్రం తగులుతుంది.

మంచి గురువు గుర్తు ఇదేనేమో. ఆయన దగ్గర నుంచి బయటికొచ్చిన శిష్యుడు ఆయనలాగా మాట్లాడడు, తనలాగానే ఇంకా గట్టిగా మాట్లాడతాడు. శఠగోప యతి తన శిష్యుణ్ణి ఇంకో యతిని చెయ్యలేదు. అన్నమయ్య మళ్ళీ ఇంటికి, తిరుమలకు, పాటకే వెళ్ళాడు.

సిలబస్‌లో లేని పరీక్ష

చదివింది నిజంగా వంటబట్టిందా లేదా అన్నది పరీక్ష హాల్లో తేలదు. అన్నమయ్యకు ఆ పరీక్ష రాజు రూపంలో వచ్చింది.

సాళువ నరసింహరాయలు అప్పటికింకా చక్రవర్తి కాదు. తాళ్ళపాకకు దగ్గర్లోని టంగుటూరు ఆయన చేతిలో ఉండేది. అన్నమయ్య పేరు విని పిలిపించుకున్నాడు. స్నేహం కుదిరింది. రాజు ఎదిగాడు, పెనుగొండకు మారాడు. కవినీ రప్పించుకున్నాడు. గౌరవం, సంపద, కొలువు అన్నీ ఇచ్చాడు. ఒకరోజు సభలో అలమేలుమంగ అందం మీద అన్నమయ్య పాడిన శృంగార కీర్తన విని మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఒక కోరిక కోరాడు. దేవుడి మీద చెప్పినట్టే నా మీదా ఒకటి చెప్పమన్నాడు.

ఒక్క పాట. పేరు మారిస్తే సరిపోయే పాట. స్నేహితుడు, అన్నం పెట్టినవాడు, రేపోమాపో సామ్రాజ్యం ఏలబోయేవాడు అడుగుతున్నాడు. మనమైతే ఏం చేసేవాళ్ళమో నిజాయితీగా ఆలోచించుకోండి. హరిని పొగిడిన నాలుకతో మనిషిని పొగడలేనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజుకు కోపమొచ్చింది. సంకెళ్ళు వేసి చెరలో పెట్టించాడు. అన్నమయ్య చెరలో కూడా స్వామినే పాడాడని, సంకెళ్ళు వాటంతటవే ఊడిపోయాయని, రాజు తప్పు తెలుసుకుని క్షమాపణ అడిగాడని చిన్నన్న కథనం. ఆ నరసింహరాయలే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు.

సంకెళ్ళు ఊడిన సంగతి నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు ముఖ్యమైంది అంతకు ముందు క్షణం. ఊడతాయని తెలియకుండానే ఆయన చేతులు చాచాడు. శరణాగతి అనే మాటను అహోబిలంలో పాఠంగా విన్నవాడు పెనుగొండలో దాన్ని బతకాల్సి వచ్చింది. ఆ రోజు పక్కన ఘనవిష్ణువు లేడు, శఠగోప యతి లేడు. గురువు పక్కన లేనప్పుడు మనం ఏం చేస్తామో, అదే గురువు నేర్పిన చదువు.

తానే గురువైనప్పుడు

ఆ తర్వాత జీవితం చాలావరకు తిరుమలతోనే. రోజుకు ఒక్కటన్నా కీర్తన చెప్పడం ఆయన నియమం. మొత్తం ముప్పై రెండు వేలు చెప్పాడని అంటారు. మనం ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. 1424 నుంచి 1503 వరకు డెబ్బై తొమ్మిదేళ్ళు. రోజుకొకటి చొప్పున వేసుకుంటే సుమారు ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. అంటే సగటున రోజుకు ఒకటి కంటే కొంచెం ఎక్కువే. తొంభై దాటినా ఆపలేదు. రోజుకొక లీట్‌కోడ్ ప్రాబ్లమ్ అని జనవరి ఒకటిన మొదలుపెట్టి సంక్రాంతికి ఆపేసే మనకు ఈ లెక్క కొంచెం గుచ్చుకుంటుంది.

కీర్తన అంటే ఎలా ఉండాలో చెబుతూ సంస్కృతంలో సంకీర్తన లక్షణం అనే గ్రంథం కూడా రాశాడు. అది ఇప్పుడు దొరకదు. మనవడు చినతిరుమలాచార్యుడు దాన్ని తెలుగు చెయ్యడం వల్ల అందులోని సంగతులు మిగిలాయి. భార్య కవయిత్రి, కొడుకు పెదతిరుమలాచార్యుడు వాగ్గేయకారుడు, మనవళ్ళు కవులు. పాముపుట్టలో చెయ్యి పెట్టిన తాత ఇంట్లో మూడు తరాల తర్వాత ఇంటిల్లిపాదీ కవులే. ఆ ఇంటికి మంచి గురువు దొరకడం వల్లే ఇదంతా అయిందని తేల్చి చెప్పలేను. కానీ కొట్టి నేర్పడం ఆ ఇంట్లో ఎవరికీ ఆదర్శం కాలేదని మాత్రం అనిపిస్తుంది. లేకపోతే తాత అవమానాన్ని మనవడి మనవడి దాకా ఎందుకు గుర్తుపెట్టుకుంటారు, కావ్యంలో ఎందుకు రాసిపెడతారు?

దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే 1503 ఫిబ్రవరి 23న అన్నమయ్య కన్నుమూశాడు. ఆయన కీర్తనలను కొడుకు పెదతిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచాడు. తర్వాత వందల ఏళ్ళు లోకం వాటిని మరిచిపోయింది. 1922 ప్రాంతంలో ఆ రేకులు మళ్ళీ బయటపడ్డాయి. రెండు వేలకు పైగా రేకులు. వాటి నుంచి పన్నెండు వేలకు పైగా కీర్తనలు మనకు దక్కాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటిని చదివి, పరిష్కరించి, స్వరపరచబట్టి ఈరోజు మన కాలేజీ ఫెస్టులో ప్రార్థన పాట దొరికింది.

మళ్ళీ గట్టు మీదికి

ఈ వ్యాసం రాస్తూ ఉండగానే గైడ్ ఫామ్ ఇవ్వాల్సిన చివరి రోజు వచ్చింది. నిజం చెబుతున్నా, మొదట రాసుకున్న మూడు పేర్లూ కొట్టేశాను. నాకేం రాదో ఒక కాగితం మీద రాసుకున్నాను. అది చూస్తే కొంచెం సిగ్గేసింది. చాలా పొడుగుంది. ఆ తర్వాత, ఆ రానిదాన్ని నేర్పగలిగినవాళ్ళు ఎవరు, ల్యాబ్‌లో తన చేత్తో పనిచేసేవాళ్ళు ఎవరు, ప్రశ్న అడిగితే తెలియనప్పుడు తెలియదని ఒప్పుకునేవాళ్ళు ఎవరు అని చూసుకుని ఒక పేరు రాశాను. ఆ సార్ మార్కులు గట్టిగా వేస్తారని మావాళ్ళందరూ భయపెట్టారు. చూద్దాం.

ఆదివారం మళ్ళీ కెనాల్ దగ్గరికి పోయాను. పెద్దాయన వేపచెట్టు కిందే ఉన్నాడు. అన్నమయ్య మన అహోబిలంలో చదువుకున్నాడంట పెద్దాయనా అని చెప్తే, తలూపి, ముందు బెండు చూడబ్బీ అన్నాడు.

ఈసారి ఫ్రెండ్స్‌తో అహోబిలం ట్రెక్‌కు పోయినప్పుడు ఉగ్రస్తంభం దగ్గర సెల్ఫీలు ఎలాగూ దిగుతారు. కిందికి దిగొచ్చాక భవనాశిని ఒడ్డున ఒక పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అప్పటికే పాట చేతనైన ఒక మనిషి, ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని ఇంతదూరం నడిచొచ్చిన చోటు అది. మీకేం రాదో మీరూ ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే సంచికకు పంపాలనిపిస్తే పంపండి. సిగ్గేం లేదు, నాదే ముందు వేసుకుందాం.